తెల్ల గోడా.. నెమలి నీలమా? గదికి రంగు వేయించే ముందు ఈ లెక్క చూడండి.. డెల్టా ఊళ్లలో అసలు తేడా ఇక్కడే!

ఒకటే గది. ఇంట్లో ఇద్దరికి రెండు రంగులు. ఒకరు తెలుపే బాగుంటుందంటారు, ఇంకొకరు ముదురు నీలం కావాలంటారు. షేడ్ కార్డు ముందు పెట్టుకుని ఎంతసేపు వాదించుకున్నా తేలదు. ఎందుకంటే తేల్చాల్సింది కార్డు కాదు.. ఆ గదిలోకి వచ్చే వెలుతురు, ఆ గోడలో ఉన్న చెమ్మ, ఆ గదిలో ఉండబోయే మనిషి. ఈ మూడూ చూడకుండా వేసిన రంగు మొదటి వారం బాగానే ఉంటుంది. ఆ తర్వాతే అసలు కథ మొదలవుతుంది.

ఉయ్యూరులో ఒక గది

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే హైవే మీద ఉంటుంది ఉయ్యూరు. చక్కెర ఫ్యాక్టరీ, పుల్లేరు కాలువ, వీరమ్మ తల్లి తిరునాళ్లు.. ఈ మూడింటితో కృష్ణా జిల్లాలో అందరికీ తెలిసిన ఊరు. సంక్రాంతికి ముందు ఇంటికి సున్నం వేయించడం ఇక్కడి పాత అలవాటు. మాఘమాసంలో తిరునాళ్లు రానే వస్తాయి, చుట్టాలు వస్తారు. సున్నం పోయి డిస్టెంపర్ వచ్చింది, అదీ పోయి ఎమల్షన్ వచ్చింది. ఒకప్పుడు రంగు ఎంచుకునే పనే లేదు. ఇప్పుడు షాపులో మిషన్ ముందు నిలబడితే వేల షేడ్లు.

ఇలాంటి ఊళ్లో ఒక ఇల్లు అనుకుందాం. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న బెడ్‌రూమ్. అందులో నాయనమ్మ ఉంటుంది. మనవడికి ఫోన్‌లో చూసిన నెమలి నీలం నచ్చింది. "నాన్నా, ఇప్పుడంతా డార్క్ కలర్సే. తెలుపైతే హాస్పిటల్‌లా ఉంటుంది" అంటాడు. "అది మీ నాయనమ్మ గదిరా. పగలు కూడా లైటు వేసుకుని కూర్చోవాలా ఆవిడ?" అంటాడు తండ్రి. పెయింటర్ మేస్త్రి మాత్రం గోడ మీద చెయ్యేసి, "ఏ రంగైనా వేస్తానండి.. ముందు ఈ గోడ ఆరనివ్వండి" అంటాడు.

ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. ఎంత ఉందో ఒక్కొక్కటిగా చూద్దాం.

తండ్రి మాట: వెలుతురు లెక్క

ప్రతి రంగుకీ ఒక నంబర్ ఉంటుంది. దాని మీద పడిన వెలుతురులో ఎంత శాతం తిరిగి గదిలోకి పంపుతుందో చెప్పే నంబర్ అది. పెయింట్ కంపెనీల భాషలో దీన్ని ఎల్ఆర్‌వీ అంటారు. పూర్తి నలుపు సున్నా దగ్గర, పూర్తి తెలుపు నూరు దగ్గర ఉంటాయి. మామూలుగా గోడలకు వేసే తెల్ల పెయింట్లు 80 నుంచి 90 మధ్యలో ఉంటాయి. ముదురు నీలాలు చాలావరకు 10 లోపే.

అంటే తెల్ల గోడ మీద వంద పాళ్ల వెలుతురు పడితే ఎనభైకి పైగా వెనక్కి వస్తుంది. నీలం గోడ తొంభైకి పైగా మింగేస్తుంది. వెనక్కి వచ్చిన వెలుతురు ఎదుటి గోడను తాకి, అక్కడి నుంచి సీలింగ్‌ను తాకి గది అంతా తిరుగుతుంది. కిటికీకి దూరంగా ఉన్న మూల కనపడేది ఈ తిరిగే వెలుతురు వల్లే.

పైన చెప్పిన గదికే లెక్క వేద్దాం. సీలింగ్ తెలుపు, నేల మీద మామూలు రంగు టైల్స్. తెల్ల పెయింట్ నంబర్ 80, నీలం నంబర్ 8 అనుకుందాం. కిటికీలోంచి వచ్చే వెలుతురు, బల్బు వెలుతురు రెండు సందర్భాల్లోనూ ఒక్కటే.

• నాలుగు గోడలూ తెలుపైతే: గదిలో వెలుతురు 100 పాళ్లు అనుకోండి.
• ఒక్క గోడ నీలం, మూడు తెలుపైతే: సుమారు 72 పాళ్లు.
• నాలుగు గోడలూ నీలమైతే: సుమారు 39 పాళ్లు.

ఇది మోటు లెక్కే. తలుపులు, బీరువాలు, కర్టెన్లు కలిపితే కొంత మారుతుంది. కానీ తేడా ఎంత పెద్దదో తెలియడానికి ఇది చాలు. నాలుగు గోడలకీ ముదురు రంగు వేస్తే అదే బల్బు, అదే కరెంటు బిల్లుతో సగం కంటే తక్కువ వెలుతురు వస్తుంది. మళ్లీ మునుపటి వెలుతురు కావాలంటే రెండున్నర రెట్లు లైట్లు పెట్టాలి.

ఆఫీసుల్లాంటి చోట్ల లోపలి వెలుతురుకు యూరప్‌లో ఈఎన్ 12464 అనే ప్రమాణం ఉంది. దాని 2011 ప్రతి సీలింగ్‌కు 70 నుంచి 90 శాతం, గోడలకు 50 నుంచి 80 శాతం, నేలకు 20 నుంచి 40 శాతం వెలుతురు తిప్పికొట్టే రంగులు సూచించింది. అంటే పైన లేత, కింద ముదురు. ఈ లెక్కలో ముదురు నీలం గోడ గది మొత్తానికి సరిపోదు. ఒక గోడ వరకైతే సర్దుకోవచ్చు.

నాయనమ్మ కంటికి ఎలా కనపడుతుంది?

వెలుతురు సంగతి ఇరవై ఏళ్ల మనవడికి పెద్దగా తెలియకపోవచ్చు. నాయనమ్మకు తెలుస్తుంది. వయసు పెరిగే కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటి లోపలి లెన్స్ పసుపు రంగుకు తిరుగుతుంది. ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు సుమారు మూడోవంతే. అదే గది, అదే లైటు.. కానీ ఆవిడకు చీకటి.

పైగా పసుపు పట్టిన లెన్స్ నీలం వెలుతురునే ఎక్కువగా ఆపేస్తుంది. మనవడి కంటికి నిండుగా కనపడే నెమలి నీలం ఆవిడకు దాదాపు నలుపులా తోచవచ్చు. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు చాలామంది నీలం రంగు కొత్తగా మెరుస్తోందని చెప్పేది ఇందుకే. ఫ్రాన్స్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాక ఆయనకూ రంగుల తీరు మారిపోయింది.

అలాగని పెద్దవాళ్ల గదంతా తెల్లగా ఉంచితే సరిపోతుందా? అదీ కాదు. తెల్ల గోడ మీద తెల్ల స్విచ్ బోర్డు, తెల్ల తలుపు, తెల్ల బాత్‌రూమ్ గుమ్మం.. అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రాత్రి లేచినప్పుడు గోడ ఎక్కడ అయిపోయిందో, తలుపు ఎక్కడ మొదలైందో తెలియదు. చూపు తక్కువ ఉన్నవాళ్ల కోసం బ్రిటన్‌లో బీఎస్ 8300 అనే ప్రమాణం ఉంది. పక్కపక్కన ఉన్న గోడ, తలుపు, నేల లాంటి వాటి ఎల్ఆర్‌వీ నంబర్ల మధ్య కనీసం 30 పాయింట్ల తేడా ఉండాలని అది చెబుతుంది.

అంటే ముదురు నీలం ఆ గదికి శత్రువేమీ కాదు. నాలుగు గోడల మీద ఉంటే ఇబ్బంది. బాత్‌రూమ్ తలుపు చట్రం మీద, స్విచ్ బోర్డు చుట్టూ ఒక పట్టీలా ఉంటే అదే నీలం దారి చూపిస్తుంది.

కార్డులో ఒకలా.. గోడ మీద ఇంకోలా ఎందుకు?

"షాపులో చూసింది ఇది కాదే" అనే మాట ప్రతి పెయింటరూ వింటాడు. చాలాసార్లు మిషన్ తప్పు కాదు, పెయింటర్ తప్పూ కాదు. దీనికి రెండు కారణాలు.

మొదటిది, గోడలు ఒకదాని మీద ఒకటి రంగు చల్లుకుంటాయి. నీలం గోడ నుంచి వచ్చిన నీలి వెలుతురు ఎదుటి నీలం గోడ మీద పడి ఆ రంగును ఇంకా చిక్కగా చేస్తుంది. అందుకే రెండు అంగుళాల కార్డు ముక్కలో మితంగా కనపడిన రంగు నాలుగు గోడల మీద మరీ ఎక్కువైపోతుంది. పసుపు, నారింజ, గులాబీ షేడ్లలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నాలుగు గోడలకీ వేయాలంటే కార్డులో నచ్చిన దానికంటే ఒకటి రెండు మెట్లు లేతది తీసుకోవడం మంచిది.

రెండోది, రంగును కన్ను ఒంటరిగా చూడదు. పక్కనున్న దాంతో పోల్చి చూస్తుంది. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో అద్దకం విభాగానికి అధిపతిగా ఉన్న షెవ్రల్ అనే కెమిస్ట్‌కు ఒక ఫిర్యాదు వచ్చింది. నల్ల దారం సరిగా నల్లగా లేదని. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన రంగుల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనపడుతోంది. దీని మీద ఆయన 1839లో పెద్ద పుస్తకమే వేశారు. మన గదికీ ఇదే వర్తిస్తుంది. ముదురు నీలం పక్కన తెలుపు ఇంకా తెల్లగా కనపడుతుంది, తెలుపు పక్కన నీలం ఇంకా ముదురుగా కనపడుతుంది. షేడ్ కార్డులో పక్కపక్కన ఏడు నీలాలు ఉన్నప్పుడు లేతగా అనిపించినది గోడ మీద ఒంటరిగా ఉంటే లేతగా అనిపించదు.

ఉత్తరం గది చల్లని వెలుతురట.. ఉయ్యూరులో కాదు!

ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనపడే సలహా ఒకటుంది. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిలోకి ఎండ రాదు, వెలుతురు నీలంగా, చల్లగా ఉంటుంది, కాబట్టి అక్కడ నీలం వేయొద్దు అని. ఇది లండన్‌కు, న్యూయార్క్‌కు రాసిన సలహా. ఉయ్యూరు భూమధ్యరేఖకు సుమారు 16.4 డిగ్రీల ఉత్తరాన ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరం వైపునే ఉంటాడు. పొద్దున, సాయంత్రం ఉత్తరపు గోడ మీద, కిటికీ మీద నేరుగా ఎండ పడుతుంది.

కాబట్టి ఇక్కడి ఉత్తరపు గదికి రెండు ముఖాలు. సంక్రాంతి రోజుల్లో నీడగా, మెత్తటి వెలుతురుతో ఉంటుంది. రోహిణి కార్తెలో అదే గదిలోకి ఎండ వస్తుంది. చలికాలంలో రంగు చూసి ఎంచుకున్నవాళ్లు ఎండాకాలంలో అదే గదిని గుర్తుపట్టలేరు. పడమటి కిటికీ గది సంగతి తెలిసిందే. సాయంత్రం పసుపు ఎండలో తెలుపు వెన్నలా మారుతుంది, నీలం కాస్త బూడిదగా కనపడుతుంది.

వాస్తు చూసుకునేవాళ్లు దిక్కును బట్టి ఏ రంగు అనేది వాళ్ల నమ్మకం ప్రకారం ఎంచుకోవచ్చు. ఆ రంగులో లేతదా, ముదురుదా అనేది మాత్రం కిటికీని బట్టే తేల్చుకోవాలి.

బల్బు మారిస్తే రంగు మారుతుంది

మన ఇళ్లలో ఎక్కువగా వాడే తెల్ల ఎల్ఈడీ ట్యూబులు 6500 కెల్విన్ రకం. వీటి వెలుతురులో నీలం పాలు ఎక్కువ. పసుపు వెలుతురు ఇచ్చే వార్మ్ బల్బులు 2700 నుంచి 3000 కెల్విన్. తెల్ల ట్యూబు కింద నీలం గోడ ఉట్టిపడుతుంది, తెల్ల గోడ మాత్రం కాస్త పాలిపోయి హాస్పిటల్‌లా అనిపిస్తుంది. మనవడి ఫిర్యాదు నిజానికి తెలుపు మీద కాదు, ఆ ట్యూబు మీద. అదే తెల్ల గోడకు వార్మ్ బల్బు వెలుతురు పడితే గది మెత్తగా ఉంటుంది. కొన్ని లీటర్ల పెయింట్ మార్చే ముందు ఒక్క బల్బు మార్చి చూస్తే పోయేదేమీ లేదు.

మేస్త్రి మాట: ముందు గోడ ఆరాలి

ఇక అసలు సమస్య. కృష్ణా డెల్టాలో నల్లరేగడి నేలలు, చుట్టూ కాలువలు, వరి పొలాలు. భూమిలో నీరు పైపైనే ఉంటుంది. దివిసీమ, బందరు వైపు వెళ్లే కొద్దీ ఆ నీటిలో ఉప్పు కూడా ఉంటుంది. పునాది మీద చెమ్మ ఆపే పట్టీ సరిగా వేయని ఇళ్లలో ఇటుకలు ఈ నీటిని దీపంలో వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తాయి. అది గోడలోంచి పైకి వచ్చి, గది గాలికి ఆరిపోతుంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పే పెయింట్‌ను లోపలి నుంచి తోసి పొక్కులు లేపి రాల్చేస్తుంది.

ఇక్కడ తెలుపు, నీలం రెండూ ఓడిపోతాయి. కాకపోతే ఓడిపోయే తీరు వేరు.

• తెల్ల గోడ మీద చెమ్మ పసుపు మరకలా, బూజు నల్ల చుక్కల్లా కనపడుతుంది.
• నీలం గోడ మీద తేలిన ఉప్పు తెల్ల పొడిలా, మ్యాపు గీసినట్టు కనపడుతుంది.
• ముదురు రంగు చెమ్మను దాస్తుందనుకోవడం పొరపాటు. తడి మరకను కొన్నాళ్లు దాస్తుందేమో కానీ ఉప్పును మాత్రం దాయలేదు.

గోడలో చెమ్మ ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కవర్ ముక్కను గోడకు ఆనించి, నాలుగు వైపులా టేపు గట్టిగా అంటించి ఒక రోజు వదిలేయాలి. మర్నాడు కవర్ లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి చుక్కలు ఉంటే చెమ్మ గోడలోంచే వస్తోందని అర్థం. బయటి వైపు తడి ఉంటే అది గది గాలిలోని తేమ. మొదటి దానికి రంగు మందు కాదు. ముందు పైపు లీకు, బాత్‌రూమ్ గోడ, పునాది చూడాలి. రెండో దానికి కిటికీ తెరిచి గాలి ఆడేలా చూస్తే చాలావరకు సరిపోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో రోజుల తరబడి నీళ్లలో నానిన ఇళ్లను గుర్తు తెచ్చుకోండి. అలా నీళ్లు తాగిన గోడ పైకి ఆరినట్టు కనపడినా లోపల నెలల తరబడి తడి ఉంటుంది. అలాంటి గోడకు వెంటనే పుట్టీ పెట్టి రంగు వేస్తే ఆ డబ్బు గోడకు పోసినట్టే.

కొత్త ప్లాస్టరింగ్‌కైతే ఇంకో మెలిక ఉంది. సిమెంటులో, సున్నంలో క్షారం ఎక్కువ. నీటి తడి పెట్టడం పూర్తయ్యాక కూడా కనీసం నాలుగు వారాలు ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేశాకే రంగు వేయాలి. క్షారం కొన్ని రంగులను కొరికేస్తుంది. అందులో నీలం చరిత్ర ఆసక్తిగా ఉంటుంది.

సున్నంలో నీలిమందు ఎందుకు కలిపేవారు?

పాతకాలంలో వెల్ల వేసేటప్పుడు సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవారు. ఉతికిన తెల్ల పంచెకు నీలిమందు పెట్టినట్టే. సున్నం ఆరాక కాస్త పసుపు ఛాయ ఉంటుంది. ఆ పసుపును కొద్దిపాటి నీలం తీసేస్తుంది. నిజానికి గోడ తిప్పికొట్టే వెలుతురు ఒక పిసరు తగ్గుతుంది, కానీ కంటికి మాత్రం ఎక్కువ తెల్లగా కనపడుతుంది. అంటే తెలుపు, నీలం ఈ ఊళ్ల గోడల మీద ఎప్పుడో కలిసి కాపురం చేశాయి.

బట్టలకు వాడే ఆ నీలిపొడిలో ఉండేది అల్ట్రామెరైన్ అనే రంగు. ఒకప్పుడు అఫ్గానిస్థాన్ గనుల్లోని రాయిని నూరి తీసేవారు. 1820ల్లో ఫ్రాన్స్‌లో దీన్ని కృత్రిమంగా చేయడం కనిపెట్టాక చవకగా దొరికింది. సున్నంలోని క్షారాన్ని ఇది తట్టుకుంటుంది. ప్రష్యన్ బ్లూ అనే ఇంకో పేరున్న నీలం మాత్రం క్షారం తగిలితే చెడిపోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. రెండూ నీలాలే, ఒకటి గోడ మీద నిలుస్తుంది, ఇంకొకటి నిలవదు. అందుకే పెయింట్ కొనేటప్పుడు రంగు పేరు ఒక్కటే కాదు, అది లోపలి గోడలకు, కొత్త ప్లాస్టరింగ్‌కు పనికొస్తుందో లేదో డబ్బా మీద చూసుకోవాలి.

తెలుపు వేస్తే గది చల్లబడుతుందా?

ఇది చాలామందికి ఉన్న అపోహ. తెలుపు చల్లదనం ఇచ్చేది బయట, స్లాబ్ పైన. ఎండను అక్కడే తిప్పికొడుతుంది కాబట్టి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐదేళ్లకు తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనుక ఉన్నది ఈ సూత్రమే. గది లోపలి గోడకు వేసిన తెలుపు ఆ పని చేయలేదు. ఎందుకంటే వేడి అప్పటికే స్లాబ్‌లోంచి, పడమటి గోడలోంచి లోపలికి వచ్చేసి ఉంటుంది. నీలం వేస్తే చల్లగా అనిపించడం కూడా మనసుకు సంబంధించినదే తప్ప థర్మామీటర్‌లో కనపడేది కాదు. చల్లదనం కోసమైతే ఆ డబ్బు స్లాబ్ మీద తెల్ల పూతకు పెట్టడం మేలు.

ఖర్చులో ఎవరిది ఎక్కువ?

పెయింట్‌కు తెల్లదనం, కింది రంగును కప్పే గుణం ఇచ్చేది టైటానియం డయాక్సైడ్ అనే పొడి. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో ఇది చాలా తక్కువ ఉంటుంది. లేకపోతే రంగు ముదరదు. దాని బదులు మిషన్ ఎక్కువ రంగుద్రవం కలుపుతుంది. అందుకే ఒకే రకం పెయింట్‌లో కూడా ముదురు షేడ్ లీటరు ధర సాధారణంగా ఎక్కువ.

• తెలుపు మీద నీలం వేయాలంటే రెండు కోటింగులతో ఒక్కోసారి సరిపోదు, మూడోది పడుతుంది.
• నీలం మీద మళ్లీ తెలుపుకు రావాలంటే ప్రైమర్ వేసి ఆ తర్వాత రెండు మూడు కోటింగులు వేయాలి. అంటే తెలుపు నుంచి నీలానికి వెళ్లడం తేలిక, తిరిగి రావడం ఖర్చు.
• తెల్ల గోడ మీద మంచం తలవైపు తలనూనె మరక పడుతుంది. కడగడానికి వీలున్న రకం వేస్తే తుడుచుకోవచ్చు.
• నీలం మ్యాట్ గోడకు కుర్చీ రాసుకున్నా, గట్టిగా తుడిచినా అక్కడ మెరుపు మచ్చ పడుతుంది. దాని మీద కొంచెం పెయింట్ అద్దితే అతుకు వేసినట్టు తెలిసిపోతుంది.
• గోడ ఎగుడుదిగుడుగా ఉంటే మెరుపు ఉన్న ముదురు రంగు ప్రతి గుంటనూ చూపిస్తుంది.

పై గదిలో నాలుగు గోడల వైశాల్యం 480 చదరపు అడుగులు. ఒక తలుపు, రెండు కిటికీలు తీసేస్తే దాదాపు 430. ఒక్క గోడకే నీలం వేస్తే 120 చదరపు అడుగుల పనే. రేపు నచ్చకపోయినా మార్చుకోవడం తేలిక.

పాత రంగు గీకేముందు జాగ్రత్త

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ భాగం తప్పక చదవాలి. పాత ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా మెరిసే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ లాంటి వాటిలో సీసం వాడేవారు. దేశంలో ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో నిబంధనలు వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన తలుపులు, కిటికీల మీది పొరల్లో సీసం ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల చేతుల్లోకి, నోట్లోకి వెళుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం హాని చేస్తుంది. అందుకే తడిపి గీకించాలి, పని అయ్యేదాకా పిల్లలను, గర్భిణులను ఆ గదికి దూరంగా ఉంచాలి, చివర్లో చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. గీకే మేస్త్రికి కూడా మాస్క్ ఉండాలి.

మూడు పూటల పరీక్ష.. ఇలా చేయండి

గోడ మీద నేరుగా చిన్న మచ్చలా వేసి చూస్తే తేలదు. పాత రంగు పక్కనే ఉంటుంది కాబట్టి కన్ను మోసపోతుంది. దానికి బదులు ఇలా చేయవచ్చు.

• రెండు అడుగుల అట్టముక్కలు రెండు తీసుకుని, ఒకదానికి తెలుపు, ఇంకోదానికి నీలం రెండేసి కోటింగులు వేయాలి. అంచు చుట్టూ అంగుళం ఖాళీగా వదలాలి.
• పూర్తిగా ఆరాకే చూడాలి. తడి మీద ఉన్న రంగు, ఆరిన రంగు ఒకటి కాదు.
• పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి లైటు వేశాక.. మూడు పూటలా చూడాలి. కిటికీ ఎదుటి గోడ మీద ఒకసారి, కిటికీ పక్క గోడ మీద ఒకసారి ఆనించాలి.
• నేల టైల్స్, మంచం, కర్టెన్ పక్కన పెట్టి చూడాలి. అవి మారవు కదా.
• ఆ గదిలో ఉండబోయే మనిషిని మంచం మీద కూర్చోబెట్టి అడగాలి. పేపర్ చదవగలుగుతున్నారా, స్విచ్ కనపడుతోందా అని.

ఇంతకీ ఏది బెటర్?

హాలు పెద్దదై, రెండు వైపులా కిటికీలు ఉండి, గోడలు పొడిగా ఉంటే ముదురు నీలం నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. టీవీ వెనుక గోడకైతే ఇంకా నయం. తెర చుట్టూ గోడ నుంచి మెరుపు తగ్గుతుంది. ఒక్క కిటికీ ఉన్న చిన్న గదికి, చదువుకునే గదికి, పెద్దవాళ్ల గదికి తెలుపు లేదా లేత రంగే మేలు. చెమ్మ ఉన్న గోడకు మాత్రం రెండూ వద్దు, ముందు చెమ్మ సంగతి చూడాలి.

ఇక ఆ ఉయ్యూరు గది విషయానికి వస్తే ముగ్గురి మాటా నెగ్గే దారి ఒకటుంది. మేస్త్రి చెప్పినట్టు ముందు గోడ ఆరనివ్వాలి. తండ్రి చెప్పినట్టు మూడు గోడలు, సీలింగ్ తెలుపు. మనవడి నీలం మంచం తలవైపు గోడకు. మంచం మీద కూర్చున్న నాయనమ్మకు ఆ గోడ వెనుక ఉంటుంది, కళ్ల ముందు వెలుతురు గోడలు ఉంటాయి. గుమ్మంలోంచి తొంగిచూసే మనవడికి మాత్రం మొదట కనపడేది అతని నీలమే. మిగిలిన నీలం పారేయకుండా బాత్‌రూమ్ తలుపు చట్రానికి, స్విచ్ బోర్డు చుట్టూ వేస్తే చాలు. వెలుతురు తగ్గిందనిపిస్తే ఒక లైటు అదనంగా పెట్టొచ్చు. రాత్రి పూట లేచిన ఆవిడ చెయ్యి గోడంతా తడుముకోకుండా నేరుగా స్విచ్ మీదకే వెళుతుంది.